పంపు సామర్థ్యం: నీటి ప్రవాహ లెక్కల మౌలిక సూత్రాలు

నీటిని ఒక చోటి నుంచి మరో చోటికి, పల్లం నుంచి మెరకకు చేర్చడానికి ఎంత పని జరగాలి, ఎంత సేపట్లో జరగాలి, అందుకు ఎన్ని హార్స్‌పవర్ల మోటారు కావాలి అనే ప్రశ్నలకు జవాబు చెప్పేవి పంపు సామర్థ్యపు లెక్కలు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో ఇవి ‘పని, శక్తి, సామర్థ్యం’ పాఠానికీ ప్రవాహుల పాఠానికీ మధ్య వారధి. సివిల్, మెకానికల్, వ్యవసాయ ఇంజనీరింగ్ చదువుల్లో తొలి మెట్టు. సంపు నుంచి మేడమీది ట్యాంకుకు నీళ్లెక్కించే చిన్న మోటారుకైనా, నదిని ఎత్తి కాలువలో పోసే భారీ పంపుకైనా సూత్రాలు మారవు.

ఈ లెక్కలన్నిటికీ పునాది శక్తి నిత్యత్వ నియమం. పంపు నీటికి ఇచ్చిన శక్తి ఎత్తుగా ఎంత మారింది, పీడనంగా ఎంత నిలిచింది, వేగంగా ఎంత పోయింది, ఘర్షణకు ఎంత ఖర్చయింది అని రాసుకునే జమాఖర్చు ఇది. ఆ ఖర్చంతా మీటర్లలో కూడితే వచ్చే మొత్తాన్ని ‘మొత్తం హెడ్’ అంటారు. మోటారు ఎంపికలో ముందు తేల్చవలసింది ఈ హెడ్. హెచ్‌పీ దాని నుంచి పుట్టే ఫలితం మాత్రమే.

తెలుగు పాఠ్యపుస్తకాల్లో సామర్థ్యం అంటే ఒక సెకనులో జరిగే పని. ఇచ్చిన శక్తిలో ఎంత భాగం పనికొచ్చిందో చెప్పేది దక్షత. ఈ వ్యాసంలోనూ ఆ మాటలు అవే అర్థాల్లో ఉన్నాయి.

చారిత్రక నేపథ్యం

యంత్రాలు రాకముందు తెలుగు నేలలో నీళ్లు తోడినవి ఏతాం, మోట, గూడ. వీటికీ ఇదే లెక్క వర్తిస్తుంది. ఒక జత ఎద్దులు 8 మీటర్ల లోతు బావి నుంచి నిమిషానికి ఒక్క మోట చొప్పున 150 లీటర్లు తోడుతున్నాయనుకుంటే, నీటికి అందుతున్న సామర్థ్యం 150 × 9.81 × 8 ÷ 60, అంటే సుమారు 196 వాట్లు. హార్స్‌పవర్‌లో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ.

సామర్థ్యాన్ని గుర్రాలతో కొలిచే పద్ధతిని స్థిరపరచినవాడు జేమ్స్ వాట్. గనుల్లో ఊరే నీటిని తోడే ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవారికి తెలియాలి. అందుకోసం ఒక గుర్రం పనిని నిమిషానికి 33,000 అడుగు-పౌండ్లుగా లెక్కగట్టాడు. నేటి ప్రమాణాల్లో అది సుమారు 746 వాట్లు.

పంపు నీటిని పైకి పీల్చడానికి ఒక హద్దు ఉందన్న సంగతిని గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో ప్రస్తావించాడు. కారణం వాతావరణ పీడనమేనని 1643లో ఆయన శిష్యుడు టోరిసెల్లీ పాదరసపు గొట్టంతో తేల్చాడు. డేనియల్ బెర్నూలీ 1738లో వెలువరించిన ‘హైడ్రోడైనమికా’ ప్రవాహంలో పీడనానికీ వేగానికీ ఉన్న సంబంధాన్ని శక్తి దృష్టితో వివరించింది. పైపుల్లో ఘర్షణ నష్టానికి నేటికీ వాడుతున్న సూత్రాన్ని వైస్‌బాఖ్ 1845లో ఇచ్చాడు. హెన్రీ డార్సీ ఫ్రాన్స్‌లో పైపులపై చేసిన ప్రయోగాలు దానికి బలం చేకూర్చాయి. అందుకే దాన్ని డార్సీ-వైస్‌బాఖ్ సూత్రం అంటారు. 1883లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ మాంచెస్టర్‌లో గాజు గొట్టంలో పారే నీటిలోకి సన్నని రంగు ధారను వదిలి, ప్రవాహం ఎప్పుడు నిలకడగా సాగుతుందో ఎప్పుడు సుడులు తిరుగుతుందో కళ్లకు కట్టించాడు.

పంపు నిర్మాణంలో గొప్ప మలుపు 1851 నాటి లండన్ మహా ప్రదర్శనలో వచ్చింది. జాన్ ఆపోల్డ్ అక్కడ వంపు రెక్కల ఇంపెల్లర్ (నీటిని తిప్పే చక్రం) ఉన్న అపకేంద్ర పంపును ప్రదర్శించాడు. దాని దక్షత 68 శాతం. తిన్నని రెక్కలు అమర్చినప్పుడు దక్కింది 24 శాతమే. రెక్కల వంపు ఒక్కటి మార్చితే అదే శక్తితో దాదాపు మూడింతల పని జరుగుతుందని ఆ ప్రయోగం నిరూపించింది.

కొలతలు, ప్రమాణాలు

ఈ లెక్కల్లో విద్యార్థి తడబడేది ఎక్కువగా ప్రమాణాల దగ్గరే. ప్రవాహ రేటు అంటే ఒక సెకనులో దాటిపోయే నీటి ఘనపరిమాణం. శాస్త్ర ప్రమాణం ఘనపు మీటర్లు. బోర్లకు లీటర్లు, కాలువలకు క్యూసెక్కులు, జలాశయాల నిల్వకు టీఎంసీలు వాడుకలో ఉన్నాయి. ఒక క్యూసెక్కు సెకనుకు 28.3 లీటర్లు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే ఒక టీఎంసీ నిండుతుంది.

పట్టిసీమ ఎత్తిపోతల పథకంలో 24 పంపులు కలిసి 8,500 క్యూసెక్కులు ఎత్తిపోసేలా రూపొందాయి. ఒక్కో పంపు వాటా 354 క్యూసెక్కులు, అంటే సెకనుకు 10 ఘనపు మీటర్లు. అన్నీ రోజంతా నడిస్తే కాలువలోకి చేరేది 0.73 టీఎంసీ. వార్తల్లో కనబడే ఏ ఎత్తిపోతల అంకెనైనా ఇలా సరిచూసుకోవచ్చు.

పీడనాన్ని కూడా నీటి ఎత్తుగా మార్చుకోవచ్చు. గేజీ మీద చదరపు సెంటీమీటరుకు ఒక కిలో అని చూపిస్తే అది 10 మీటర్ల నీటి స్తంభం బరువుతో సమానం. డ్రిప్ గొట్టాల దగ్గర ఒక కిలో పీడనం కావాలంటే పంపు మరో 10 మీటర్ల ఎత్తుకు నీళ్లెక్కిస్తున్నట్టే.

బోరు వేసినప్పుడు ‘రెండంగుళాల నీళ్లు పడ్డాయి’ అంటారు. ఇది పైపు వ్యాసం కాదు. పైకి వచ్చే నీటిని మట్టికట్టతో ఆపి, 90 డిగ్రీల వి ఆకారపు గాడి ఉన్న పలక మీదుగా వదిలి, గాడిలో నీరు ఎంత ఎత్తున పారుతోందో కొలిచిన అంకె. ఈ గాడిలో ప్రవాహం నీటి ఎత్తుకు రెండున్నర ఘాతంలో పెరుగుతుంది. అంగుళం ఎత్తున పారితే సెకనుకు సుమారు 0.14 లీటరు, రెండంగుళాలైతే 0.8 లీటరు, మూడైతే 2.2, నాలుగైతే 4.5 లీటర్లు. అంగుళం రెండంగుళాలైతే నీళ్లు రెట్టింపు కావు, అయిదున్నర రెట్లకు పైగా పెరుగుతాయి. మోటారు ఎంపికకు ముందు ఈ అంకెను లీటర్లలోకి మార్చుకోకపోతే తర్వాతి లెక్కంతా దారి తప్పుతుంది.

పరికరాలేవీ లేకపోయినా ప్రవాహాన్ని కొలవవచ్చు. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి సమయం చూడాలి. 67 సెకన్లలో నిండితే ప్రవాహ రేటు సెకనుకు 3 లీటర్లు.

సాంతత్య సమీకరణం

నీటిని నొక్కినా దాని ఘనపరిమాణం దాదాపు తగ్గదు. కాబట్టి నిండుగా పారే పైపులో ఒక చివర ఎంత నీరు ప్రవేశిస్తే రెండో చివర అంతే బయటికి రావాలి. పైపు ఏ చోట చూసినా మధ్యచ్ఛేద వైశాల్యాన్ని వేగంతో గుణిస్తే ఒకే విలువ వస్తుంది. ఇదే సాంతత్య సమీకరణం.

లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లున్న పైపులో సెకనుకు 3 లీటర్లు పారుతున్నాయనుకుందాం. వైశాల్యం 0.00196 చదరపు మీటరు. 0.003ను దానితో భాగిస్తే వేగం సెకనుకు 1.53 మీటర్లు. అదే నీరు 25 మిల్లీమీటర్ల పైపులోకి మళ్లితే వ్యాసం సగం, వైశాల్యం నాలుగో వంతు, వేగం నాలుగింతలై 6.1 మీటర్లు. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుందన్నది మరిచిపోయి వేగాన్ని రెట్టింపు చేసి ఊరుకోవడం పరీక్షల్లో తరచూ కనిపిస్తుంది.

బెర్నూలీ సూత్రం

ఘర్షణ లేదనుకుంటే, ఒకే ధార వెంబడి పారే నీటిలో పీడన హెడ్, వేగ హెడ్, ఎత్తు ఈ మూడింటి మొత్తం మారదు. పీడన హెడ్ అంటే పీడనాన్ని సాంద్రత, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగించిన విలువ. వేగ హెడ్ అంటే వేగపు వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగించిన విలువ. మూడూ మీటర్లలోనే ఉంటాయి, అందుకే నేరుగా కూడుకోవచ్చు.

మేడమీది ట్యాంకు నీటిమట్టానికి 5 మీటర్ల దిగువన ఉన్న కుళాయిని పూర్తిగా తెరిస్తే, ఘర్షణ లేని పక్షంలో నీటి వేగం 2 × 9.81 × 5కు వర్గమూలం, అంటే సెకనుకు 9.9 మీటర్లు. నిజమైన కుళాయిలో ఇంత వేగం రాదు. కొరవడిన వేగానికి సరిపడే శక్తిని గొట్టాలూ మలుపులూ వాల్వులూ తీసుకున్నాయి. అందుకే ఇంజనీర్లు బెర్నూలీ సూత్రానికి రెండు పద్దులు చేరుస్తారు: ప్రవేశం దగ్గర పంపు ఇచ్చే హెడ్, నిష్క్రమణ దగ్గర నష్టపోయిన హెడ్. ఈ రెండూ చేరాక అది ఏ పంపు లెక్కకైనా పనికొచ్చే సమీకరణమవుతుంది.

ఘర్షణ నష్టం

నీటి పొరలు ఒకదానిపై ఒకటి ప్రశాంతంగా జారుతూ సాగేది స్తరీయ ప్రవాహం. సుడులతో కలగలిసిపోతూ సాగేది సంక్షుబ్ధ ప్రవాహం. ఏది ఎప్పుడో రెనాల్డ్స్ సంఖ్య చెబుతుంది. వేగాన్ని వ్యాసంతో గుణించి, సాంద్రతతో భాగించిన స్నిగ్ధతతో విభజిస్తే అది వస్తుంది. పైపుల్లో ఈ సంఖ్య సుమారు 2,000 లోపు ఉంటే ప్రవాహం స్తరీయం, 4,000 దాటితే సాధారణంగా సంక్షుబ్ధం. పై ఉదాహరణలో 30 డిగ్రీల వేడిమి నీటికి ఆ సంఖ్య సుమారు 95,000. పొలం పైపుల్లో పారేది దాదాపు ఎప్పుడూ సంక్షుబ్ధ ప్రవాహమే.

డార్సీ-వైస్‌బాఖ్ సూత్రం ప్రకారం ఘర్షణ హెడ్ = ఘర్షణ గుణకం × (పైపు పొడవు ÷ లోపలి వ్యాసం) × వేగ హెడ్. గుణకం రెనాల్డ్స్ సంఖ్య మీద, పైపు లోపలి గరుకుదనం మీద ఆధారపడుతుంది. లూయిస్ మూడీ 1944లో ప్రచురించిన పటం నుంచి దాన్ని చదువుకోవచ్చు. కొత్త ప్లాస్టిక్ పైపుకు మన ఉదాహరణలో అది 0.018 చుట్టూ వస్తుంది. కొంతకాలం వాడిన పైపుకు 0.02 తీసుకోవడం క్షేమం.

ఈ సూత్రంలో దాగిన అసలు పాఠం వ్యాసం గురించి. ప్రవాహ రేటు మారకుండా వ్యాసం తగ్గితే వేగం పెరుగుతుంది, వేగపు వర్గం ఇంకా పెరుగుతుంది, మళ్లీ వ్యాసంతో భాగించాలి. అన్నీ కలిపితే ఘర్షణ నష్టం వ్యాసపు అయిదో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. వ్యాసం సగమైతే నష్టం 32 రెట్లు.

బెండ్లు, వాల్వులు, ఫుట్‌వాల్వు, జాలీ వంటివి కలిగించే నష్టాలను ఒక్కోదానికి ఒక గుణకం చొప్పున కూడి వేగ హెడ్‌తో గుణిస్తారు. పొడవాటి పైపులో ఇవి చిన్న మొత్తమే. ఇంటి సంపు దగ్గరి పొట్టి పైపులో మాత్రం పైపు ఘర్షణను మించిపోగలవు.

మొత్తం హెడ్

పంపు మోయవలసిన మొత్తం హెడ్‌లో అయిదు పద్దులుంటాయి: నీటిమట్టం నుంచి నీరు పడే చోటు వరకు నిట్టనిలువు ఎత్తు, చివర కావలసిన పీడనం, పైపు ఘర్షణ, బెండ్లు వాల్వుల నష్టం, బయటికి దూకే నీటి వేగ హెడ్.

నిలువు ఎత్తును ఎక్కడి నుంచి కొలవాలన్నది బోర్ల విషయంలో చాలామందిని తికమకపెడుతుంది. మోటారును 100 మీటర్ల లోతున దించినా, పంపు నడుస్తున్నప్పుడు నీళ్లు 60 మీటర్ల దగ్గర నిలిస్తే లెక్కలోకి వచ్చేది 60 మీటర్లే. మిగతా 40 మీటర్ల మేర పైపు బయట ఉన్న నీరే లోపలి నీటిని పైకి నెడుతుంది. అయితే మోటారు ఆపి ఉంచినప్పటి మట్టాన్ని తీసుకోకూడదు. పంపు నడిచేకొద్దీ బోరులో మట్టం దిగుతుంది. ఆ దిగిన మట్టమే లెక్కకు ఆధారం.

సామర్థ్యం, దక్షత

నీటికి అందే సామర్థ్యం = సాంద్రత × గురుత్వ త్వరణం × ప్రవాహ రేటు × మొత్తం హెడ్. ప్రవాహం సెకనుకు లీటర్లలో, హెడ్ మీటర్లలో ఉంటే 9.81 × లీటర్లు × మీటర్లు అంటే చాలు, జవాబు వాట్లలో వస్తుంది. లీటర్లను మీటర్లతో గుణించి 76తో భాగిస్తే హెచ్‌పీలో వస్తుంది. ఉదాహరణకు 1,000 లీటర్ల నీటిని 20 నిమిషాల్లో 12 మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే సెకనుకు 0.833 లీటరు ఎక్కాలి. ఘర్షణ వదిలేస్తే నీటికి అందవలసింది 98 వాట్లే.

పంపు ఇరుసుకు అందవలసిన సామర్థ్యం దీనికన్నా ఎక్కువ. ఇంపెల్లర్‌లో సుడులు, సందుల్లోంచి వెనక్కి కారే నీరు, బేరింగుల ఘర్షణ కొంత తినేస్తాయి. కాబట్టి పంపు దక్షతతో భాగించాలి. మోటారు కరెంటు లైను నుంచి తీసుకునేది ఇంకా ఎక్కువ. దాని కోసం మోటారు దక్షతతోనూ భాగించాలి. మోటారు పలక మీద రాసే హెచ్‌పీ ఇరుసు దగ్గర ఇచ్చే సామర్థ్యం, మీటరు తిరిగేది లైను నుంచి తీసుకున్న సామర్థ్యం మీద. ఈ రెంటినీ కలగలిపితే యూనిట్ల లెక్క తప్పుతుంది.

గుర్తుంచుకోదగ్గ అంకె మరొకటుంది. 1,000 లీటర్ల నీటిని 100 మీటర్లు ఎత్తడానికి నీటికి అందవలసిన శక్తి 0.27 యూనిట్. ఇది ప్రకృతి నియమం, ఏ కంపెనీ పంపు వాడినా తగ్గదు. అంతకు మించి కాలే ప్రతి యూనిట్ పంపుదో మోటారుదో పైపుదో అయిన నష్టం.

లెక్క చేసే విధానం: ఒక బోరు ఉదాహరణ

పంపు నడిచేటప్పుడు నీటిమట్టం నేలకు 60 మీటర్ల దిగువన ఉంది. నీరు నేలకు 2 మీటర్ల పైన ఉన్న తొట్టిలో పడాలి. బోరు లోపలా పైనా కలిపి పైపు పొడవు 200 మీటర్లు, లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు. కావలసిన నీరు సెకనుకు 3 లీటర్లు. ఘర్షణ గుణకం 0.02, బెండ్లు వాల్వుల గుణకాల మొత్తం 6. పంపు దక్షత 55 శాతం, మోటారు దక్షత 75 శాతం అనుకుందాం.

మొదటి అంచె, వేగం: సెకనుకు 1.53 మీటర్లు. వేగ హెడ్ 0.12 మీటరు.

రెండో అంచె, నష్టాలు: పైపు ఘర్షణ 0.02 × 4,000 × 0.119 = 9.5 మీటర్లు. బెండ్లు, వాల్వులు 0.7 మీటరు.

మూడో అంచె, మొత్తం హెడ్: 62 + 9.5 + 0.7 + 0.1 = 72.3 మీటర్లు.

నాలుగో అంచె, నీటి సామర్థ్యం: 9.81 × 3 × 72.3 = సుమారు 2,130 వాట్లు.

అయిదో అంచె, ఇరుసు సామర్థ్యం: 2,130 ÷ 0.55 = 3,870 వాట్లు, అంటే 5.2 హెచ్‌పీ.

ఆరో అంచె, లైను నుంచి తీసుకునేది: 3,870 ÷ 0.75 = 5,160 వాట్లు.

ఇక్కడ చిక్కు చూడండి. 5 హెచ్‌పీ మోటారు ఇరుసు దగ్గర ఇవ్వగలిగేది 3.7 కిలోవాట్లు. కావలసింది 3.87. మోటారు తిరుగుతుంది, నీళ్లూ పోస్తుంది, కానీ నిత్యం తాహతుకు మించిన భారంతో వేడెక్కుతుంది. వైండింగ్ కాలిపోవడానికి ఇదొక కారణం. 7.5 హెచ్‌పీ మోటారు వేయడం ఒక దారి. కానీ పైపు మార్చి చూస్తే మరో దారి కనిపిస్తుంది. మిగతావన్నీ యథాతథంగా ఉంచి, రోజుకు 9 గంటలు నడిపితే లెక్క ఇలా ఉంటుంది.

40 మిల్లీమీటర్ల పైపు: ఘర్షణ 29 మీటర్లు, మొత్తం హెడ్ 93.1 మీటర్లు, ఇరుసు దగ్గర 6.7 హెచ్‌పీ, రోజుకు 59.8 యూనిట్లు.

50 మిల్లీమీటర్ల పైపు: ఘర్షణ 9.5 మీటర్లు, మొత్తం హెడ్ 72.3 మీటర్లు, ఇరుసు దగ్గర 5.2 హెచ్‌పీ, రోజుకు 46.4 యూనిట్లు.

65 మిల్లీమీటర్ల పైపు: ఘర్షణ 2.6 మీటర్లు, మొత్తం హెడ్ 64.9 మీటర్లు, ఇరుసు దగ్గర 4.65 హెచ్‌పీ, రోజుకు 41.6 యూనిట్లు.

65 మిల్లీమీటర్ల పైపు వేస్తే 5 హెచ్‌పీ మోటారే సరిపోతుంది. మూడు సందర్భాల్లోనూ పొలానికి చేరేది ఒకటే నీరు: 9 గంటల్లో 97 ఘనపు మీటర్లు, ఎకరమంతా పరిస్తే 2.4 సెంటీమీటర్ల లోతు. సన్నపైపుకూ వెడల్పు పైపుకూ మధ్య రోజుకు 18 యూనిట్ల తేడా. ఆ శక్తితో చుక్క నీరు కూడా అదనంగా రాదు. అది పైపు గోడల దగ్గర వేడిగా మారిపోతుంది.

చూషణ పరిమితి

పంపు నీటిని పీల్చదు. తన ముఖం దగ్గర పీడనాన్ని తగ్గిస్తుంది, బయటి వాతావరణ పీడనం నీటిని పైకి నెడుతుంది. సముద్రమట్టం దగ్గర ఆ పీడనం మోయగలిగేది 10.3 మీటర్ల నీటి స్తంభాన్నే. అది ఆదర్శ హద్దు. ఆచరణలో హద్దు ఇంకా తక్కువ.

హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి వాతావరణ పీడనం 9.7 మీటర్ల నీటికి సరిపోతుంది. 40 డిగ్రీల నీటి బాష్ప పీడనానికి 0.75 మీటరు తీసేయాలి. సక్షన్ పైపులో, ఫుట్‌వాల్వులో నష్టం 0.8 మీటరు, పంపు ముఖం దగ్గర ఉండితీరవలసిన కనీస హెడ్ 2.5 మీటర్లు అనుకుంటే మిగిలేది 5.65 మీటర్లు. అంతకన్నా దిగువకు నీరు దిగిపోతే ఎంత పెద్ద మోటారు వేసినా ప్రయోజనం లేదు. నీటి మట్టం పడిపోయినప్పుడు బావిలో గట్టు కట్టి మోటారును కిందికి దించడానికి కారణం ఇదే.

హద్దు దాటితే పంపు ముఖం దగ్గర నీరు చల్లగానే మరిగి బుడగలవుతుంది. ఆ బుడగలు ఎక్కువ పీడనమున్న చోటికి చేరి పేలినట్టు కుంచించుకుపోతూ ఇంపెల్లర్ లోహాన్ని కొరికేస్తాయి. దీన్ని కావిటేషన్ అంటారు. పంపులో కంకర తిరుగుతున్నట్టు వినిపించే చప్పుడు దానికి గుర్తు. సబ్‌మెర్సిబుల్ పంపుకు ఈ బెడద తక్కువ, అది నీటిలోనే మునిగి ఉండి పైకి నెడుతుంది కాబట్టి. లోతు పెరిగేకొద్దీ దానికి స్టేజీలు పెంచుతారు. ఒక్కో ఇంపెల్లర్ 6 మీటర్ల హెడ్ ఇస్తే 72 మీటర్లకు పన్నెండు స్టేజీలు కావాలి.

పంపు వక్రం

అపకేంద్ర పంపు ఎప్పుడూ ఒకే పరిమాణంలో నీరు పోయదు. హెడ్ తక్కువైతే నీరు ఎక్కువ, హెడ్ పెరిగితే నీరు తక్కువ. ఈ సంబంధాన్ని చూపే గీతను తయారీదారులు పంపుతో పాటు ఇస్తారు. ప్రవాహం పెరిగేకొద్దీ పైపులైను కోరే హెడ్ ఎలా పెరుగుతుందో మరో గీత చూపుతుంది. రెండూ కలిసే చోటే పంపు నిజంగా నడిచే బిందువు. ఎండాకాలంలో మట్టం దిగితే రెండో గీత పైకి జరుగుతుంది, అదే మోటారు తక్కువ నీరు పోస్తుంది. పంపు దక్షత ఒకానొక ప్రవాహం దగ్గరే గరిష్ఠం. అక్కడి నుంచి ఎటు జరిగినా పడిపోతుంది. అందుకే ఎక్కువ హెచ్‌పీ ఉన్నదే మంచిదన్న నమ్మకం సరికాదు. ఒకే పైపులైనుకు రెండు పంపులు పక్కపక్కన కలిపితే నీరు రెట్టింపు కాకపోవడానికి కారణం పైపులైను గీతే. ప్రవాహం పెరగగానే ఘర్షణ అంతకు మించి పెరుగుతుంది.

వేగాన్ని మార్చగల పంపులకు మూడు అనుపాతాలు వర్తిస్తాయి: ప్రవాహం వేగంతో, హెడ్ వేగపు వర్గంతో, సామర్థ్యం వేగపు ఘనంతో మారుతాయి. నీటిని ఎత్తనక్కరలేక, పైపుల్లో తిప్పడానికే వాడే పంపు వేగాన్ని 20 శాతం తగ్గిస్తే సామర్థ్యం దాదాపు సగానికి పడిపోతుంది. నిలువు ఎత్తు ఎక్కువున్న బోర్లకు ఇంత ఆదా ఆశించకూడదు. ఆ ఎత్తును వేగం ఎంతైనా మోయాల్సిందే.

భారీ ఎత్తిపోతలు

కాళేశ్వరం పథకంలో భాగమైన లక్ష్మీపూర్ గాయత్రి పంపుహౌస్ భూగర్భంలో కట్టినది. అందులో 139 మెగావాట్ల యంత్రాలు ఏడున్నాయి. ఒక్కో పంపు సుమారు 3,150 క్యూసెక్కులను 111 మీటర్ల ఎత్తుకు చేర్చేలా రూపొందింది. బోరుకు వేసిన లెక్కే దీనికీ వేయవచ్చు. 3,150 క్యూసెక్కులు సెకనుకు 89.2 ఘనపు మీటర్లు. నిలువు ఎత్తుకు మాత్రమే నీటికి అందవలసింది 9.81 × 89.2 × 111, అంటే సుమారు 97 మెగావాట్లు. 97ను 139తో భాగించి అదే దక్షత అనుకోవడం తప్పు. పలక మీది అంకె యంత్రపు తాహతు. ఘర్షణ, మట్టాల హెచ్చుతగ్గులు, భద్రత కోసం ఉంచిన వెసులుబాటు అన్నీ ఆ తేడాలో ఉంటాయి. ఏడు పంపులూ రోజంతా నడిస్తే ఎక్కేది సుమారు 1.9 టీఎంసీ.

ఏ ఎత్తిపోతల పథకాన్నైనా అంచనా వేయడానికి ఒక అంకె చాలు. ఒక టీఎంసీని 100 మీటర్లు ఎత్తడానికి నీటికి అందవలసిన శక్తి 77 లక్షల యూనిట్లు. మొత్తం దక్షత 80 శాతమైతే లైను నుంచి తీసుకునేది 96 లక్షల యూనిట్లు. పథకాల ఖర్చు గురించి సాగే చర్చలో ఏ పక్షం వారైనా ముందు ఈ గుణకారం చేసి మాట్లాడితే ప్రజలకు మేలు.

తరచూ దొర్లే పొరపాట్లు

దక్షతతో భాగించాల్సిన చోట గుణించడం మొదటిది. జవాబు నీటి సామర్థ్యం కన్నా తక్కువ వస్తే వెంటనే అనుమానించాలి. రెండోది, పైపు మీద రాసిన అంకెను లోపలి వ్యాసంగా తీసుకోవడం. పీవీసీ పైపులను బయటి వ్యాసంతో పిలుస్తారు. గోడ మందం రెండు వైపులా తీసేయాలి. అయిదో ఘాతం కాబట్టి కొద్ది మిల్లీమీటర్ల తేడా కూడా లెక్కలో పెద్దగా కనిపిస్తుంది. మూడోది, లీటర్లను ఘనపు మీటర్లలోకి మార్చకుండా సాంద్రతతో గుణించి వెయ్యి రెట్ల జవాబు తేవడం. నాలుగోది, బోరు లోతునే హెడ్‌గా పరిగణించడం. అయిదోది, ట్యాంకు పైనుంచి నీరు పడుతుంటే ట్యాంకులోని నీటి పీడనాన్ని మళ్లీ కలపడం. నీరు గాలిలోకి విడుదలయ్యే చోట గేజీ పీడనం సున్నా.

ప్రాధాన్యం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ అమలైంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది కొనసాగుతోంది. బిల్లు రైతు చేతికి రాకపోయినా యూనిట్లు ఎక్కడో ఉత్పత్తి కావాల్సిందే, వాటి ఖర్చు ఎవరో ఒకరు భరించాల్సిందే. పై ఉదాహరణలో 65 మిల్లీమీటర్ల పైపుకు బదులు 40 మిల్లీమీటర్లది వేయడం వల్ల మొత్తం హెడ్ 28 మీటర్లు పెరిగింది. భూగర్భ జలమట్టం 28 మీటర్లు పడిపోతే పంపు మీద ఎంత భారం పడుతుందో అంతే భారం ఇది. జలమట్టాన్ని తిరిగి పైకి తేవాలంటే వానలు, చెరువులు, ఊరంతటి కట్టుబాటు, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. పైపు వ్యాసం సరిగా ఎంచుకోవడానికి పదో తరగతి స్థాయి గణితం చాలు.

అందువల్ల ఈ లెక్కలు పరీక్ష పేపర్లలో మిగిలిపోవలసినవి కావు. పాఠశాలలో బోధించేటప్పుడు ఊరి బోరునే ఉదాహరణగా తీసుకుని, డ్రమ్ముతో ప్రవాహం కొలిచి, పైపు పొడవు అడుగులేసి లెక్కించి హెడ్ కట్టిస్తే, పిల్లలకు బెర్నూలీ సూత్రం జన్మకు మరిచిపోలేనంతగా పట్టుబడుతుంది. పంపు కొనేవారు దుకాణానికి వెళ్లేముందు వేసుకోవలసిన ప్రశ్నల వరుస కూడా అదే: నీరు ఎంత కావాలి, నడిచేటప్పటి మట్టం నుంచి ఎంత ఎత్తు ఎక్కాలి, పైపు ఎంత పొడవు, లోపలి వ్యాసం ఎంత. ఈ నాలుగింటికీ జవాబు దొరికాక ఎన్ని హెచ్‌పీ అన్నది లెక్కే చెబుతుంది.